రఫీ ఐతాన్: నిఘా నుంచి ఎరువుల కంపెనీకి, అక్కడి నుంచి మంత్రి పదవికి

పోయిన ఉగాదికి మన సంఘం భోజనాల దగ్గర ఒక యువ మేజర్ గారు నా పక్కన కూర్చున్నారు. పులిహోర తింటూ, "సాబ్, మీ కోర్ వాళ్లకి రిటైరయ్యాక బయట బాగా గిరాకీ అంటారు. కంపెనీలకీ, పార్టీలకీ మీలాంటి వాళ్లే కావాలట. నిజమేనా?" అని అడిగారు. ఏదో నవ్వి ఊరుకున్నాను. విస్తరి ముందు చెప్పే జవాబు కాదది. ఈ సంచికకి ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఆ ప్రశ్నకే నిదానంగా జవాబు రాద్దామనిపించింది.

నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇరవై ఆరేళ్లు ఇంటెలిజెన్స్ కోర్‌లో చేసి సుబేదారుగా బయటికొచ్చాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెటూరు. ఇప్పుడు అక్కడే ఎరువుల కొట్టు నడుపుతున్నాను. అందుకని నా కథకన్నా ముందు పెద్దవాడి కథ చెబుతాను. నిఘా పనిలోంచి వ్యాపారంలోకీ, వ్యాపారంలోంచి రాజకీయాల్లోకీ వెళ్లి మూడింటిలోనూ పైదాకా ఎక్కిన మనిషి ఆయన. ఇజ్రాయెల్‌కి చెందిన రఫీ ఐతాన్.

ముందుగా ఒక మాట. మన పాతతరం వాళ్లలో కొందరు ఈయన్ని జనరల్ రఫాయెల్ ఐతాన్‌తో కలిపేస్తుంటారు. ఆ జనరల్ 1978 నుంచి 1983 దాకా ఇజ్రాయెల్ సైన్యాధిపతి. తర్వాత ఆయనా పార్టీ పెట్టి మంత్రి అయ్యారు కాబట్టి పొరపాటు సహజమే. మన కథానాయకుడు వేరు.

ఎవరీ ఐతాన్?

రఫీ ఐతాన్ 1926 నవంబరు 23న ఐన్ హరోద్ అనే కిబ్బుట్జ్‌లో పుట్టారు. కిబ్బుట్జ్ అంటే అందరూ కలిసి సాగు చేసుకుని కలిసి బతికే పల్లె. అప్పుడది బ్రిటిష్ పాలనలోని పాలస్తీనా. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చినవాళ్లు. ఈయన పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు, 1918 సెప్టెంబరు 23న, ఆ ఉత్తరాన ఉన్న హైఫా పట్టణాన్ని టర్కీ సైన్యం నుంచి పట్టుకున్నది మన అశ్వికులే. జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు బల్లేలతో దూకి ఊరు స్వాధీనం చేసుకున్నారు. అదే బ్రిగేడ్‌లో హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులకి గుర్తు. 2018లో ఆ కూడలికి హైఫా పేరు కూడా చేర్చారు. ఆ నేలతో మన తెలుగు గడ్డకి ఆ పాటి బంధుత్వం ఉంది.

ఐతాన్ కుర్రతనంలోనే హగానా రహస్య దళంలో చేరి, తర్వాత దాని దాడి విభాగమైన పల్మాక్‌కి వెళ్లారు. 1946లో కార్మెల్ కొండ మీద బ్రిటిష్ వాళ్ల రాడార్‌ని పేల్చే పనిలో మురుగులోంచి వెళ్లాల్సి వచ్చిందట. దాంతో తోటివాళ్లు 'కంపు రఫీ' అని పేరు పెట్టారు. ఆ ముద్దుపేరు చివరిదాకా పోలేదు. మన పల్టన్లలో పేర్లు పెట్టే పద్ధతి తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ కనపడదు. 1948 యుద్ధంలో గాయపడ్డారు. ఆ తర్వాత లోపలి భద్రత చూసే షిన్ బెట్‌లోనూ, బయటి నిఘా చూసే మొసాద్‌లోనూ పనిచేశారు.

గరిబాల్డీ వీధి

ఆయన పేరు చరిత్రలో నిలబెట్టినది 1960 మే 11 సాయంత్రం. లక్షల మంది యూదుల్ని మరణశిబిరాలకి రైళ్లకెక్కించిన ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్, రికార్డో క్లెమెంట్ అనే దొంగపేరుతో అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఎయిరెస్ శివారులో, గరిబాల్డీ వీధిలో ఉంటున్నాడు. రోజూ ఫ్యాక్టరీ పని నుంచి బస్సులో ఇంటికొస్తాడు. ఆ రోజు మామూలు వేళకి రాలేదు. బస్సులు వచ్చి పోతున్నాయి, మనిషి దిగడంలేదు. రోడ్డు పక్కన రెండు కార్లు ఎక్కువసేపు ఆగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అయినా బృందం ఇంకాసేపు ఆగింది. ఎనిమిది దాటాక అతను దిగాడు. పీటర్ మల్కిన్ అనే ఏజెంటు మీదపడి పట్టుకున్నాడు. మొసాద్ అధిపతి ఇస్సెర్ హరెల్ ఊళ్లోనే ఉన్నా, ఆ రోడ్డు మీద నాయకత్వం ఐతాన్‌ది. తొమ్మిది రోజులు ఒక ఇంట్లో దాచి, మే 20న విమాన సిబ్బంది దుస్తులు వేసి, మత్తుమందిచ్చి, ఎల్ ఆల్ విమానంలో ఎక్కించి తీసుకెళ్లారు. అర్జెంటీనా ఫిర్యాదు చేస్తే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూడా దీన్ని చర్చించింది. జెరూసలేంలో విచారణ జరిగి 1962లో ఐక్‌మన్‌ని ఉరితీశారు. ఆ ఉరి దగ్గర ఐతాన్ ఉన్నారు.

అదే ఊళ్లో జోసెఫ్ మెంగెలె అనే మరో నాజీ ఉండొచ్చని కూడా వాళ్లకి తెలుసు. ఒకేసారి ఇద్దరి కోసం పోతే ఇద్దరూ జారిపోతారని ఐతాన్ ఒప్పుకోలేదు. వెళ్లిన పని ఒకటి, తెచ్చుకోవాల్సిన మనిషి ఒకడు. మన ట్రేడ్‌లో పాఠం చెప్పాలంటే నేను ఈ నిర్ణయంతోనే మొదలుపెడతాను.

అయితే ఈ కథలో చాలామంది మర్చిపోయే మనిషి ఒకాయన ఉన్నారు. ఐక్‌మన్ అర్జెంటీనాలో ఉన్నాడని మొదట కనిపెట్టింది లోథార్ హెర్మన్. జర్మనీలో నాజీ శిబిరం చూసి బయటపడి అర్జెంటీనా చేరిన మనిషి. చూపు పోయింది. ఆయన కూతురికి ఐక్‌మన్ కొడుకుతో పరిచయమైంది. ఆ అబ్బాయి మాటల్ని బట్టి తండ్రికి అనుమానం వచ్చింది. ఆయన రాసిన కబురు జర్మనీలో ఫ్రిట్జ్ బావర్ అనే ప్రాసిక్యూటర్ ద్వారా 1957లోనే ఇజ్రాయెల్‌కి చేరింది. గుడ్డివాడు గుర్తుపట్టడమేమిటని దాన్ని పక్కన పెట్టేశారు. అలా రెండేళ్లకి పైగా పోయాయి. ప్రకటించిన బహుమానం ఆయన చేతికి వచ్చేసరికి 1970లు వచ్చేశాయి. పట్టుకున్నవాళ్ల మీద సినిమాలొచ్చాయి. కబురిచ్చినవాడు ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

గేటు

1972లో ఐతాన్ మొసాద్ వదిలి సొంత వ్యాపారంలోకి దిగారు. అక్వేరియంలలో పెట్టుకునే రంగురంగుల చేపల పెంపకం అందులో ఒకటి. 1978లో ప్రధాని మెనాహెమ్ బెగిన్ పిలిచి ఉగ్రవాద నిరోధక సలహాదారుగా పెట్టుకున్నారు. 1981లో లాకామ్ అనే చిన్న సంస్థ ఆయన చేతికొచ్చింది. రక్షణశాఖ కింద శాస్త్ర సాంకేతిక రహస్యాలు సంపాదించే సంస్థ అది.

అక్కడే ఆయన జీవితంలో పెద్ద దెబ్బ తగిలింది. అమెరికా నౌకాదళ నిఘాలో విశ్లేషకుడైన జొనాథన్ పొలార్డ్ 1984 నుంచి లాకామ్‌కి రహస్య పత్రాలు అందించాడు. డబ్బు తీసుకున్నాడు. మిత్రదేశం ఇంట్లోనే దొంగతనం. 1985 నవంబరు 21న ఎఫ్‌బీఐ తరుముతుంటే భార్యని వెంటబెట్టుకుని వాషింగ్టన్‌లోని ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం గేటులోకి కారు పోనిచ్చాడు, ఆశ్రయమిస్తారని. ఇవ్వలేదు. బయటికి పొమ్మన్నారు. గేటు దాటగానే పట్టుకున్నారు. 1987లో యావజ్జీవ శిక్ష పడింది. ముప్పై ఏళ్లు జైల్లో ఉండి 2015 నవంబరులో పెరోల్ మీద విడుదలయ్యాడు. 2020 డిసెంబరులో ఇజ్రాయెల్ చేరాడు. అతన్ని లోపలికి రానివ్వొద్దన్నది తానేనని ఐతాన్ చాలా ఏళ్ల తర్వాత టీవీలో ఒప్పుకున్నారు. పశ్చాత్తాపం చూపించలేదు.

పొలార్డ్ అమాయకుడని నేననడంలేదు. సొంత దేశానికి ద్రోహం చేసినవాడు. అలాంటివాణ్ని ఏ రాయబార కార్యాలయమూ దాచుకోలేదన్నదీ నిజమే. కానీ అతన్ని ఆ దారిలో నడిపించినవాళ్లకి ఆ గేటు ఎప్పుడో ఒకనాడు వస్తుందని ముందే తెలిసుండాలి. లాకామ్‌ని మూసేశారు. విచారణ సంఘాలు ఐతాన్ బాధ్యతని ఎత్తిచూపాయి. ఆ పదవి పోయింది.

ఎరువుల కుర్చీ

పదవి పోయిన మనిషి ఇంట్లో కూర్చోలేదు. అప్పటి పరిశ్రమల మంత్రి ఏరియల్ షారోన్ ఆయన్ని ప్రభుత్వ సంస్థ ఇజ్రాయెల్ కెమికల్స్‌కి అధిపతిగా వేశారు. మృత సముద్రం ఉప్పునీటిని మళ్లలోకి మళ్లించి, ఎండకి ఇగర్చి, పొటాష్ తీసే వ్యాపారం ఆ సంస్థది. మన కొఠార్లలో ఉప్పుమళ్లు చూసినవాళ్లకి పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. 1993 దాకా ఆయన అక్కడున్నారు. ఆయన కాలంలో సంస్థ పెరిగిందనే పేరుంది. 1990లలో అది ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది.

మన దేశంలో పొటాష్ గనుల ఉత్పత్తి లేదు. వరికీ, చెరకుకీ, అరటికీ వేసే పొటాష్ అంతా బయటి దేశాల నుంచి ఓడల్లో దిగుతుంది. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో మనకి పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాక అక్కడి సరుకు కూడా బాగా వస్తోంది. మా కొట్లో రైతులు ఎర్ర పొటాషా, తెల్ల పొటాషా అని అడుగుతారు. తెల్లది తూచేటప్పుడల్లా నాకు ఐతాన్ గుర్తొస్తారు. ఐక్‌మన్‌ని పట్టిన చేతులు ఆ తర్వాత ఈ బస్తాల లెక్కలు కూడా చూశాయి కదా అని.

1993 తర్వాత ఆయన వెళ్లిన చోటు ఇంకా విచిత్రం. క్యూబా! 1973లోనే ఫిడెల్ కాస్ట్రో ఇజ్రాయెల్‌తో సంబంధాలు తెంచుకున్నారు. అమెరికా ఆంక్షలు సరేసరి. సోవియట్ యూనియన్ కూలి క్యూబా ఆర్థికంగా ఉక్కిరిబిక్కిరవుతున్న రోజులవి. ఐతాన్ భాగస్వాములతో కలిసి హగ్వే గ్రాండె ప్రాంతంలో నారింజ, నిమ్మజాతి తోటల వ్యాపారంలోకి దిగారు. హవానాలో మిరామార్ అనేచోట వ్యాపార భవనాల నిర్మాణంలో పాలుపంచుకున్నారు. కాస్ట్రోతో ముఖాముఖి పరిచయం ఏర్పడింది.

దీన్ని అదృష్టమనుకుంటే పొరపాటు. ఎవరూ అడుగుపెట్టని చోటికి వెళ్లి, నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో కనిపెట్టి, అతనికేం కావాలో తెలుసుకుని, మాట ఇచ్చి, ఏళ్ల తరబడి ఓపికపట్టడం. ఇది నిఘా పనే. పత్రాలకి బదులు తోటలు. మేజర్ గారి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. అవును, మన విద్యకి బయట విలువ ఉంది.

ఏడు సీట్లు, ఆపైన సున్నా

2006లో ఐతాన్‌కి 79 ఏళ్లు. 'గిల్' అనే పింఛనుదారుల పార్టీకి నాయకుడై ఎన్నికల్లోకి దిగారు. అజెండా ఒక్కటే: ముసలివాళ్ల పింఛను, మందులు, మర్యాద. మార్చి 28న ఫలితాలొచ్చాయి. సర్వేలు లెక్కలోకి తీసుకోని ఆ పార్టీకి 120 సీట్ల నెస్సెట్‌లో ఏకంగా 7 సీట్లు వచ్చాయి. పెద్ద పార్టీలతో విసిగిపోయిన కుర్రాళ్లు కూడా, తాత బామ్మల పేరు చెప్పుకుని, ఆ గుర్తుకి ఓటేశారు. ఎహుద్ ఓల్మర్ట్ సంకీర్ణ ప్రభుత్వంలో ఐతాన్ పింఛనుదారుల వ్యవహారాల మంత్రి అయ్యారు.

'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' కోసం 2015 ఎండల్లో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న మన పెద్దలకి ఈ ఘట్టం వేరే చెప్పక్కర్లేదు. పింఛను మీద మాట్లాడేవాడు దొరికితే ఎంత ఆశ పుడుతుందో మనకి తెలుసు.

మూడేళ్లు తిరిగేసరికి ఆ ఆశ కరిగిపోయింది. 2008లో పార్టీ చీలింది. సభ్యులు తలో దారీ పట్టారు. 2009 ఫిబ్రవరి ఎన్నికల్లో సభలో అడుగుపెట్టాలంటే 2 శాతం ఓట్లు రావాలి. ఈ పార్టీకి ఒక్క శాతం కూడా రాలేదు. ఏడు నుంచి సున్నాకి పడిపోయింది. సోర్సుని వదిలేస్తే అతను నోరెత్తలేడు. ఓటరు మాత్రం వేలు నొక్కి మరీ వదిలేస్తాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కువగా శిల్పాలు చేసుకుంటూ గడిపారు. అది ఆయనకి ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. 2018లో జర్మనీలోని ఒక తీవ్ర మితవాద పార్టీని మెచ్చుకుంటూ మాట్లాడిన వీడియో బయటికొచ్చి పెద్ద విమర్శలకి గురైంది. ఐక్‌మన్‌ని పట్టినవాడి నోటి నుంచి ఆ మాటలేమిటని చాలామంది బాధపడ్డారు. 2019 మార్చి 23న, 92వ ఏట కన్నుమూశారు.

మన సంగతి

ఇక మేజర్ గారికి మిగతా సగం జవాబు. ఇది నా సొంత కథ. ఊరు, ఏడు, పేర్లు చెప్పను. మీరూ అడగరని తెలుసు.

ఉత్తరాన ఒక సెక్టారులో పనిచేసే రోజుల్లో గుర్రాల మీద సామాన్లు మోసే ఒకతను నాకు కబుర్లిచ్చేవాడు. ఒకసారి రోడ్డు మీద పాతిపెట్టినదాని గురించి ముందురోజు రాత్రే వచ్చి చెప్పాడు. మర్నాడు పొద్దున అదే దారిలో మన కాన్వాయ్ వెళ్లాల్సింది. అందులో మన తెలుగు కుర్రాళ్లు కూడా ఉన్నారు. నాకు బదిలీ అయినప్పుడు అతన్ని నా తర్వాతివాడికి అప్పజెప్పి వచ్చేశాను. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను.

రిటైరైన రెండో ఏడు, రాత్రి భోజనం చేస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "సాబ్" అన్న ఒక్కమాటకే గొంతు గుర్తుపట్టాను. నా నంబరు ఎవరి దగ్గర సంపాదించాడో తెలీదు. పిల్లాడికి ఒంట్లో బాగోలేదని, ఊళ్లో తన మీద అనుమానం పడిందని, ఎవరికైనా చెప్పమని అడిగాడు. నేను "రాంగ్ నంబర్" అని పెట్టేశాను.

రిటైరైనవాడు పాత సోర్సులతో మాట్లాడకూడదు. ఆ నియమం సరైనదే. కానీ సంబంధిత ఆఫీసుకి వెంటనే తెలియజేయడం నా ధర్మం. అదీ చేయలేదు. భయపడి సిమ్ మార్చాను. నెల తర్వాత మనసు ఒప్పుకోక ఆఫీసుకి తెలియజేశాను. చూస్తామన్నారు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియకూడదు, తెలియదు కూడా. పొలార్డ్ వెళ్లిన గేటు గురించి చదివినప్పుడల్లా, ఆ గేటుకి లోపలి వైపు నిలబడి ఉన్నది నేనే అనిపిస్తుంది. పైగా నా మనిషి ద్రోహి కాడు. సొంత దేశానికి మేలు చేసినవాడు.

ఆ తర్వాత మూడు నెలలకి ఒక ప్రైవేటు భద్రతా సంస్థ వాళ్లు పిలిచారు. జీతం నా పింఛనుకి మూడింతలు. రెండో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సిన ఏడాది. మాట్లాడినాయన చాలా మర్యాదస్తుడు. చివర్లో టీ తాగుతూ, "అక్కడ మీవాళ్లు ఇంకా ఉండే ఉంటారుగా? వాళ్ల నంబర్లుంటే చాలు" అన్నారు. పిల్లాడికి జబ్బని ఫోన్ చేస్తే గుర్తుపట్టనివాణ్ని, ఇప్పుడు కంపెనీ కోసం నేనే ఫోన్ చేయాలి! నమస్కారం పెట్టి వచ్చేశాను. అరెకరం అమ్మి ఫీజు కట్టాం. మా ఆవిడ ఆ పొలం గురించి ఇప్పటికీ ఒక్కోసారి అంటుంది. అనడంలో తప్పులేదు. అది ఆవిడ పుట్టింటివారిచ్చినది.

రాజకీయం రుచీ చూశాను. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఊళ్లోవాళ్లు బలవంతపెడితే వార్డుకి నిలబడి పంతొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. గడపగడపకీ వెళ్లి సరిహద్దు గురించి చెప్పబోతే, ఒక ముసలమ్మ "అదంతా సరే బాబూ, మా ఇంటిముందు మురుగుకాలవ ఎప్పుడు తీయిస్తావు?" అంది. కంపు రఫీ అయితే ఏం జవాబు చెప్పేవాడో అనుకుని నవ్వుకున్నాను.

మేజర్ గారూ, మీకు ఇంకా చాలా సర్వీసుంది. బయటికొచ్చాక వ్యాపారం చేయండి, పార్టీలో చేరండి. యూనిఫారంలో ఉండగా లేని హక్కు అప్పుడు మీకు వస్తుంది. కొందరికి రిటైరైన కొత్తలో ప్రైవేటు ఉద్యోగానికి అనుమతి కావాలి. అది తీసుకోండి. నిఘా, భద్రతా సంస్థల నుంచి రిటైరైన సివిల్ అధికారులు తమ సంస్థ పని గురించి రాయాలంటే ముందస్తు అనుమతి ఉండాలని 2021లో పింఛను నిబంధనలు ఇంకా గట్టిపరిచారు. మనకీ అధికార రహస్యాల చట్టం చచ్చేదాకా వర్తిస్తుంది. ఇవన్నీ కాగితాల మీద ఉన్నవి.

కాగితం మీద లేనిది ఒకటుంది. ఓపిక, మనుషుల్ని చదవడం, మాట దాచుకోవడం మీ సొంత ఆస్తి. వాటిని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. మిమ్మల్ని నమ్మి కబురిచ్చినవాళ్ల పేర్లు మాత్రం మీవి కావు. వాటిని అమ్మకండి. సర్వీసులో ఉండగానే, బదిలీ కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఆ మనిషి సంగతి ఎవరు చూస్తారో, జబ్బు చేస్తే ఎవరికి చెప్పుకోవాలో తేల్చి, రాతపూర్వకంగా పెట్టి రండి. నేను పెట్టలేదు.

ఐతాన్‌కి కుర్చీ మీద కుర్చీ దొరికింది. ఆయన తెలివినీ, ధైర్యాన్నీ నేను తక్కువ చేయను. అయినా కొట్టు కట్టేసి రాత్రి లెక్క చూసుకునేటప్పుడు నాకు గుర్తొచ్చేది లోథార్ హెర్మన్. ఆ తర్వాత, ఫోన్‌లో విన్న ఆ గొంతు.